కరెంటు పెట్టించిన ఏడాదిన్నరకు రక్తం పడుతోంది. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిందన్నారు, అంటే ఏంటి?

కందుకూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది కందుకూరు దగ్గర పల్లె. పొగాకు వేస్తాం, ఆకు ఆరబెట్టే బ్యారన్ ఒకటి ఉంది. మా అత్తమ్మకు 58 ఏళ్లు. రెండేళ్ల కిందట గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ అని తేలింది. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో 25 రోజులు కరెంటు (రేడియేషన్) పెట్టారు. వారానికోసారి సెలైన్‌లో మందు ఎక్కించారు. ఆఖర్న లోపల గొట్టాలు పెట్టి ఇంకో మూడుసార్లు ఇచ్చారు. పోయిన ఏడాది సంక్రాంతికి ముందు మొత్తం అయిపోయింది. అప్పట్నుంచి పిలిచినప్పుడల్లా తీసుకెళ్లి చూపిస్తున్నాం, గడ్డ లేదనే చెబుతున్నారు. మొన్న సీజన్లో బ్యారన్ దగ్గర కూర్చుని ఆకు కూడా కట్టింది. వద్దంటే వినలేదు.

నాలుగు నెలల కిందట బట్టలు నానబెడుతుంటే ఆమె లంగా మీద ఎండిపోయిన రక్తం మరక కనిపించింది. అడిగితే "వేడి చేసుండాదిలేమ్మా" అంది. అప్పటికే రెండు నెలలుగా దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోందని, మాకు చెబితే మళ్లీ ఖర్చు అని దాచిందని తర్వాత తెలిసింది. ఊళ్లో చూపిస్తే మొలలు అన్నారు. మూడు నెలలు మొలల మందే వాడాం. తగ్గలేదు సరికదా, నాలుగు మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.6.

పోయిన వారం కెమెరా గొట్టంతో పరీక్ష చేశారు. రిపోర్టులో నాలుగు రంగు ఫొటోలు ఉన్నాయి. పేగు గోడ పాలిపోయినట్టు ఉంది, దాని మీద ఎర్రటి దారప్పోగులు చిక్కుపడ్డట్టు నరాలు, రెండు చోట్ల రక్తపు చుక్కలు. డాక్టరుగారు "క్యాన్సర్ తిరగబెట్టలేదమ్మా. కరెంటు వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతింది, దానివల్ల ఇది" అని చెప్పి, వచ్చే వారం రమ్మన్నారు. బయట ఇంకా చాలామంది కూర్చుని ఉన్నారు, ఇంకేమీ అడగలేకపోయాను.

కరెంటు పెట్టిన రోజుల్లో నాలుగు విరేచనాలు తప్ప ఆమెకు ఏమీ కాలేదు. మరి ఏడాదిన్నర తర్వాత ఇప్పుడెందుకు? ఆ లోపలి పొర అంటే ఏది? కిరణాలు ఇంకా ఒంట్లో ఉన్నాయా? ఎవరో ఏదో అన్నారంట, "నా ఒంట్లో కరెంటు ఉండాదంట, పిలకాయల్ని నా దగ్గరికి పంపొద్దు" అని మా చిన్నోణ్ణి పక్కలో వేసుకోవడం మానేసింది. వాడు రాత్రిళ్లు నానమ్మ కోసం ఏడుస్తున్నాడు. తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పొదిలి రైతు:

అక్కా, మా నాయనకు ప్రోస్టేట్‌కి కరెంటు పెట్టాక సరిగ్గా ఇట్టాగే అయింది. మేమూ మొలలని తిరిగినవాళ్లమే. ఆ ఫొటోల కాగితం జాగ్రత్త చెయ్యండి, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు అది చూపించండి, కరెంటు పెట్టించిన సంగతి మొదటి మాటగా చెప్పండి. మేము చెప్పకపోబట్టే ఐదు నెలలు పోయాయి. మా నాయన ఇప్పుడు బాగున్నాడు.

పెన్న ఒడ్డు:

అమ్మా, ముందు నీ ఆఖరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ రాత్రే బాబును నానమ్మ పక్కలో పడుకోబెట్టు. బయటి నుంచి పెట్టే కరెంటు దీపం లాంటిది, స్విచ్చి ఆపేస్తే గదిలో వెలుగు మిగలదు. లోపల గొట్టాల్లో ఇచ్చేది ఎక్కువ ఆసుపత్రుల్లో ఇరిడియం, కిరణాలు వదిలే లోహం. బియ్యపుగింజ కంటే చిన్న సోర్సు ఒక తీగ చివర అతికి ఉంటుంది. అది గొట్టంలోకి పోయి, లెక్కగట్టిన నిమిషాలు నిలిచి, తిరిగి పెట్టెలోకి వచ్చేస్తుంది. వచ్చిందా లేదా అని మీటరు పెట్టి చూసుకున్నాకే గొట్టాలు తీస్తాం. ఆమె ఒంట్లో ఏదీ మిగల్లేదు. ఇది నేను నోటిమాటగా చెప్పడం లేదు. 29 ఏళ్లు రేడియోథెరపీ టెక్నాలజిస్టుగా చేశాను, ఆ మీటరు నా చేత్తోనే పట్టుకున్నాను.

మిగలనిది కిరణం. దెబ్బ మాత్రం మిగులుతుంది. దాని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఒంట్లో ప్రతి రక్తనాళానికీ, గుండె నుంచి వచ్చే పెద్ద నాళం మొదలు వెంట్రుక కంటే సన్నవాటి దాకా, లోపలి వైపు ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుంది. ఎండోథీలియం అంటారు. మరీ సన్న నాళాలకైతే ఈ పొరే నాళం, దాని చుట్టూ చెప్పుకోదగ్గ గోడ ఉండదు. ఎర్రకణాలు ఒకదాని వెనక ఒకటి ఒదిగి పోవాల్సిందే. చాలామంది దీన్ని పైపు లోపలి పూత అని చెబుతారు. నాకు ఆ పోలిక నచ్చదు. పూత ఊరికే పడి ఉంటుంది. ఈ కణాలు రాత్రింబగళ్లు పనిచేస్తాయి. రక్తం గడ్డకట్టకుండా చూస్తాయి, నీళ్లు ఎంత బయటికి వదలాలో, తెల్లకణాల్లో దేన్ని ఆపాలో దేన్ని పోనివ్వాలో చూసుకుంటాయి, నాళం బిగుసుకోవాలా వదులవ్వాలా అని చెబుతాయి.

కరెంటు ఈ కణం మీద పడితే జరిగేది ఏంటంటే, కణంలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి కిరణం ముందు ఆ నీటి అణువుల్ని విరగ్గొడుతుంది. విరిగిన ముక్కలు డీఎన్ఏ పోగుల్ని కోస్తాయి. కొన్నిసార్లు కిరణమే నేరుగా కోస్తుంది. ఒంట్లో పడిన కరెంటును గ్రేల్లో కొలుస్తాం. 1 గ్రే మోతాదు పడితే ఒక్కో కణంలో ఒక పోగే తెగినవి వెయ్యి దాకా, రెండు పోగులూ ఒకేచోట తెగినవి ముప్పై నలభై ఉంటాయి. ఒంటిపోగువి కణం తేలిగ్గా అతికించుకుంటుంది. రెండు పోగులూ తెగినవే గడ్డు. రోజుకు 2 గ్రే చొప్పున, వారానికి ఐదు రోజులు పెట్టేది ఇందుకే. రేపు మళ్లీ పెట్టేలోపు మంచి కణాలు చాలావరకు సర్దుకుంటాయి. క్యాన్సర్ కణాలు అంత బాగా సర్దుకోలేవు.

సర్దుకోలేని మంచి కణాలూ కొన్ని మిగిలిపోతాయి. నీ "ఇప్పుడెందుకు" అన్న ప్రశ్నకు జవాబు అక్కడుంది. పేగు లోపలి చర్మం నాలుగైదు రోజులకోసారి మారిపోతూ ఉంటుంది, ఆ కణాలు ఎప్పుడూ పుడుతూ పోతూ ఉంటాయి. అందుకే ఆ విరేచనాలు కరెంటు పెట్టిన రోజుల్లోనే వచ్చాయి, ఆపేశాక తగ్గాయి. రక్తనాళాల లోపలి కణం అలా కాదు. నెలల తరబడి, ఒక్కోచోట ఏళ్ల తరబడి రెండుగా చీలదు. దెబ్బ తిన్నా చీలాల్సిన అవసరం వచ్చేదాకా నిలబడే ఉంటుంది. పక్క కణం రాలిపోయి, ఆ ఖాళీ నింపాల్సి వచ్చినప్పుడు చీలబోతుంది, చీలలేక చచ్చిపోతుంది. ఇంకొన్ని చావవు. ముసలివై అక్కడే కూర్చుంటాయి, చేయాల్సిన పని చేయవు, వాపు పుట్టించే పదార్థాలు వదులుతాయి. తెల్లకణాలు వచ్చి అతుక్కుంటాయి, చిన్న చిన్న గడ్డలు కడతాయి, సన్న నాళాలు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ఆ చోటికి రక్తం చాలదు. చాలక ఒళ్లు కొత్త నాళాల్ని తొందరగా మొలిపిస్తుంది. అవి ఉబ్బి, పలచగా, ఆధారం లేకుండా ఉంటాయి. నువ్వు ఫొటోలో చూసిన ఎర్ర దారప్పోగులు అవే. గట్టి మలం రాసుకుంటే చాలు, చిట్లుతాయి. ముఖద్వారానికి సరిగ్గా వెనకనే మలాశయం ముందు గోడ ఆనుకుని ఉంటుంది. దాన్ని పూర్తిగా తప్పించి కరెంటు పెట్టడం ఎవరివల్లా కాదు.

ఇది నేను కళ్లారా చూసింది పేగులో కాదు, చర్మం మీద. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కోబాల్టు మిషన్. ఆ సోర్సు 5.27 ఏళ్లకు సగమవుతుంది. కొత్తది వేసినప్పుడు రెండు నిమిషాలు పట్టే షాటు, ఐదేళ్లు దాటేసరికి నాలుగు నిమిషాలు పట్టేది. కావలి వైపు నుంచి ఒకామె వచ్చేది, రొమ్ము తీసేశాక ఛాతీకి పెట్టాం. పదకొండేళ్ల తర్వాత చెకప్‌కి వచ్చి, "అన్నా, ఇది మళ్లీ వచ్చిందేమో చూడు" అని పైట జరిపి చూపించింది. ఛాతీ మీద సన్నటి ఎర్ర నరాలు, కన్ను ఎరుపెక్కినప్పుడు తెల్లగుడ్డు మీద తేలినట్టు. ఆ ఎరుపు ఎక్కడ ఆగిందో చూశాను. స్కేలు పెట్టి గీసినట్టు ఆగింది, నాలుగు వైపులా, మూలలతో సహా. పదకొండేళ్ల కిందట ఆమె ఛాతీ మీద నేను ఊదా సిరాతో గీసిన గీత అది. గీతకు అవతల చర్మం మామూలుగా ఉంది. సిరా వారంలో పోయింది. చర్మం కింద ఉన్న ఆ పొరకు మాత్రం పదకొండేళ్లయినా గుర్తుంది. ఆమెకు క్యాన్సర్ తిరగబెట్టలేదు, డాక్టరుగారు చూసి పంపించారు. నేను ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. నా చేతులతో గీసిన గీత కదా.

ఎడమ రొమ్ముకైతే కింద గుండె ఉంటుంది, దాని నాళాలకూ ఇదే పొర. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 2,168 మంది ఆడవాళ్ల వివరాలు తీసి 2013లో లెక్కగట్టారు. గుండెకు సగటున తగిలిన ఒక్కో గ్రేకు గుండెపోటు లాంటి జబ్బుల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగింది. మొదటి ఐదేళ్లలోనే మొదలై ఇరవై ఏళ్ల దాకా కనిపించింది. ఇప్పుడు ఊపిరి నిండా పీల్చి బిగబట్టమని చెప్పి, గుండె ఛాతీ గోడకు దూరం జరిగిన ఆ కొద్దిసేపే కరెంటు వదులుతున్నారు. ఇది చదివి ఎవరూ కరెంటు మానుకోవద్దు. కావలి ఆమె పదకొండేళ్ల తర్వాత నడిచి వచ్చింది ఆ కరెంటు వల్లే.

మీ అత్తమ్మ సంగతికి వస్తే, వచ్చే వారం వెళ్లినప్పుడు వాళ్లు బహుశా ఆర్గాన్ వాయువుతో ఆ నరాల మొనల్ని పైపైన మాడ్చేస్తామంటారు. భయపడవద్దు, కెమెరా గొట్టంలోంచే చేస్తారు, ఒకటి రెండుసార్లు పిలవొచ్చు. కొందరికి సుక్రల్‌ఫేట్ అనే మందు నీళ్లలో కలిపి కింద నుంచి ఎనిమాగా ఎక్కిస్తారు. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి డాక్టర్లు 1990ల మొదట్లోనే అది పరీక్షించి చూపించారు, ఖర్చు తక్కువ. మలం గట్టిపడకుండా చూడు. ఒళ్లు నొప్పులని మందుల షాపులో బిళ్లలు కొని వేయొద్దు, ముఖ్యంగా ఆస్పిరిన్ లాంటివి. గుండెకని రక్తం పలచనయ్యే మందు వాడుతుంటే డాక్టరుకు చెప్పు, మీ అంతట మీరు ఆపొద్దు. ఐరన్ బిళ్లలు వేస్తే మలం నల్లగా వస్తుంది, అది చూసి కంగారుపడతారు, ముందే చెబుతున్నా.

ఒంగోలు స్లైడు:

పెద్దాయన రాసినది చదివాక నాకూ రాయాలనిపించింది. నేను పాథాలజీ ల్యాబులో పనిచేస్తాను. కరెంటు పెట్టిన చోటి ముక్కలు నా చేతికి వస్తుంటాయి.

మామూలు చిన్న ధమనిని అడ్డంగా కోసి రంగు వేసి చూస్తే లోపలి అంచు వెంట కేంద్రకాలు నువ్వుగింజల్లా చదునుగా పడుకుని ఉంటాయి. కరెంటు తిన్న ధమనిలో అవి ఉబ్బి, లోపలికి పొడుచుకొచ్చి ఉంటాయి. కొన్నిచోట్ల అసలు ఉండవు, అంచు ఖాళీ. ఆ పొర కింద కొవ్వు మింగిన కణాలు సబ్బు నురగలా గుంపుగా కూర్చుంటాయి. మిగతా గోడంతా గులాబీ రంగు గాజులా ఏకంగా అతికిపోయి ఉంటుంది. మధ్యలో రక్తం పోయే దారి సూది బెజ్జమంత. రోగి వివరాలు చదవకముందే "ఇక్కడ కరెంటు పెట్టారు" అని చెప్పగలిగేంత స్పష్టంగా ఉంటుంది ఒక్కోసారి.

ఆ పొర చేసే పని ఎంత పెద్దదో మొదట బయటపడింది ఒక పొరపాటు లాంటి దానివల్ల. అమెరికాలో ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు ధమని ముక్కల మీద అసిటైల్‌కోలిన్ అనే రసాయనం వేసి చూసేవాడు. ధమని కొన్నిసార్లు వదులయ్యేది, కొన్నిసార్లు కాదు. వెతగ్గా, కోసేటప్పుడు లోపలి వైపు రుద్దుకుపోయిన ముక్కలు వదులవ్వడం లేదని తేలింది. ఆ పొర ఏదో వదిలితేనే కండరం సడలుతోందని 1980లో ప్రకటించాడు. అది నైట్రిక్ ఆక్సైడ్ వాయువని తర్వాత రుజువైంది, 1998లో ముగ్గురికి నోబెల్ వచ్చింది. కరెంటు తిన్న కణాలు ఆ వాయువును సరిగ్గా ఇవ్వలేవు. నాళం బిగుసుకునే ఉంటుంది, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు అతుక్కోవడానికి అదీ ఒక కారణం.

అమ్మా, ఒక్క మాట గట్టిగా చెబుతాను. "అనుమానం తీరడానికి ఒక ముక్క తీయండి సార్" అని మీరుగా అడగొద్దు. మలాశయం ముందు గోడలో ముక్క తీస్తే, ఆ చోటికి రక్తం చాలదు కాబట్టి గాయం మానదు, పుండై యోని వైపు దారి పడే ప్రమాదం ఉంది. నిజంగా అనుమానం ఉంటే డాక్టరే ఆలోచించి తీస్తారు. నోటి క్యాన్సర్‌కు దవడ మీద కరెంటు పెట్టించుకున్న వాళ్లకూ ఇదే కథ. ఎన్నేళ్లయినా సరే, పన్ను పీకించుకునే ముందు పళ్ల డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి. చెప్పకుండా పీకించుకుని, ఎముక మానక, దవడ ముక్కలుగా మా ల్యాబుకు వచ్చింది చూశాను.

షుగరు, బీపీ, పొగాకు కూడా ఈ పొరనే తింటాయి. మీ అత్తమ్మకు ఆకు నమిలే అలవాటు ఉంటే మాన్పించండి.

క్యాత్‌ల్యాబ్ తమ్ముడు:

పెద్దాయనా, నేను నెల్లూరులో క్యాత్‌ల్యాబులో టెక్నీషియన్ని. రోజుకు ఆరేడు యాంజియోగ్రాములు, అంటే ఎక్స్‌రే పెట్టి గుండె నాళాలు చూసే పరీక్షలు. ఇది చదివాక గుబులు పట్టుకుంది. నా నాళాలకు కూడా ఇట్టా అవుతుందా? పెళ్లై ఏడాదే అయింది.

పెన్న ఒడ్డు:

తమ్ముడూ, అంకెలు పక్కపక్కన పెట్టి చూడు. ఆ అమ్మ పొత్తికడుపుకు ఐదు వారాల్లో 45 నుంచి 50 గ్రే పడి ఉంటుంది, గొట్టాల్లోది అదనం. నీకు తగిలిన కిరణాల్ని కొలిచే బ్యాడ్జిలో వచ్చేది మిల్లీసీవర్టుల్లో, గ్రేలో వెయ్యో వంతు లెక్క. అణుశక్తి నియంత్రణ మండలి పెట్టిన హద్దు ఐదేళ్ల సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. సరిగ్గా పనిచేసేవాడికి అందులో కొద్ది భాగమే వస్తుంది. మనందరికీ మట్టి, గాలి, ఆకాశం నుంచి ఎలాగూ ఏడాదికి ప్రపంచ సగటున 2.4 తగులుతుంది.

అట్టాగని తేలిగ్గా తీసుకోవద్దు. గుండె, మెదడు రక్తనాళాల విషయంలో 0.5 గ్రే దగ్గర్నుంచే జాగ్రత్తపడాలని అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ కమిషన్ 2011లో చెప్పింది. హిరోషిమా, నాగసాకిలో బతికినవాళ్లను దశాబ్దాలు గమనించిన లెక్కలు దానికి ఒక ఆధారం. అంతకుముందు ఇంత తక్కువలో గుండెకు ఏమీ కాదనుకునేవాళ్లు. కంటి కటకం సంగతీ అప్పుడే తిరగరాశారు, కాబట్టి సీసం అద్దాలు పెట్టుకో.

నీకు తగిలేది ట్యూబు నుంచి నేరుగా కాదు, రోగి ఒంటి మీద పడి చెదిరి వచ్చేది. దూరం రెట్టింపైతే అది నాలుగో వంతుకు పడిపోతుంది. పని లేనప్పుడు ఒక అడుగు వెనక్కి వెయ్యి. పైనుంచి వేలాడే అద్దాన్ని లాక్కుని పెట్టుకో. బ్యాడ్జి ఏప్రాన్ లోపల ఛాతీ మీద ఉండాలి. రీడింగ్ ఎక్కువొస్తే పనిలోంచి తప్పిస్తారని బ్యాడ్జిని సొరుగులో పెట్టి లోపలికి పోయే పిల్లల్ని చూశాను. చూసినప్పుడల్లా కోపం, దుఃఖం రెండూ వచ్చేవి. ఆ బ్యాడ్జి ఒక్కటే నీ తరఫున లెక్క రాసేది.

కందుకూరు కోడలు:

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించండి. గ్రేడింగ్ పని, వేలం కేంద్రానికి బేళ్లు తోలడం, దాంట్లో పడిపోయాం.

పెద్దాయన చెప్పినట్టే ఆర్గాన్ పెట్టారు, రెండుసార్లు. మొదటిసారికే రక్తం బాగా తగ్గింది. రెండోదాని తర్వాత ఎప్పుడన్నా ఒక చుక్క. రెండు సీసాల రక్తం ఎక్కించారు, ఐరన్ వాడుతున్నాం, నిన్న పరీక్షలో 10.1 వచ్చింది. మలం నల్లగా వచ్చిందని ఆమె భయపడింది, నేను భయపడలేదు. ముక్క తీయమని నేను అడగలేదు, డాక్టరుగారు కూడా తీయలేదు. ఇంకో ఆడమనిషి కూతురు బయట బెంచీ మీద మొలల మందు చీటీ పట్టుకుని కూర్చుని ఉంటే, "మీ అమ్మకు కరెంటు పెట్టించారా?" అని నేనే అడిగాను. పెట్టించారంట.

పొగాకు నమిలే అలవాటు ఉందా అన్నారు కదా. ఉంది. ఇంట్లో అదే పంట, చేతికి అందుతుంది, మాన్పించడం తేలిక్కాదు. రోజూ గొడవే. ఇప్పటికి సగానికి తెచ్చాను.

ఇరిడియం సంగతి, మీటరు సంగతి మీరు రాసింది రాసినట్టు ఆమెకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. "పెట్టెలోకి పోయిందని ఆయన చూశాడా?" అని అడిగింది. చూశాడంట అన్నాను. ఆ రాత్రి నేనేమీ చెప్పకుండానే చిన్నోడి దుప్పటి తీసుకెళ్లి తన మంచం మీద పరిచింది. ఇప్పుడు మాలకొండకు పోదామంటోంది, వాణ్ణి కూడా తీసుకుని. గుడి తలుపు తీసేది శనివారమే కదా, ఈ శనివారానికి ఆటో మాట్లాడాం.